రైలు లేని ఆళ్లగడ్డకు రెండు విమానాశ్రయాలు

ఇంత ముచ్చటైన సంగతి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం! మా ఆళ్లగడ్డకు రైలు లేదు. రైలెక్కాలంటే ఎక్కువగా నంద్యాలకే పోతాం. ఇక విమానమంటారా, అది హైదరాబాదు, బెంగళూరు వాళ్ల వ్యవహారం అనుకునేవాణ్ని. వైజాగ్ ప్రయాణం పడి ఫోన్‌లో మ్యాప్ తెరిచి కొలిచాను. ఉత్తరాన ఓర్వకల్లు విమానాశ్రయం, దక్షిణాన కడప. ఆళ్లగడ్డ నుంచి నేరుగా గీత గీస్తే అటు సుమారు 75 కిలోమీటర్లు, ఇటూ అంతే. త్రాసులో పెట్టి తూచినట్టుంది! రెండు విమానాశ్రయాల మధ్య కూడా 150కి మించదు. గాల్లో ఇరవై నిమిషాల పని. అంత దగ్గరికి విమానం ఎవరూ నడపరు లెండి. 40వ నంబరు జాతీయ రహదారి ఉండగా నడపనక్కర్లేదు కూడా.

నేను ఓర్వకల్లునే ఎంచుకున్నాను. అది నంద్యాల - కర్నూలు దారిలోనే ఉంది. 2021 మార్చి 28న బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం! 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కుంఫిణీ వాళ్లు ఉరితీసిన మన పక్క ఊరి దొర పేరు చదివి విమానమెక్కుతాం. ఒళ్లు పులకరించదా?

ఇక లెక్క వినండి. ఓర్వకల్లు నుంచి విశాఖకు రోడ్డు మీద దాదాపు 700 కిలోమీటర్లు. నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గిద్దలూరు, నరసరావుపేట, గుంటూరు, విజయవాడ, రాజమండ్రి... కూర్చుని, పడుకుని, లేచి, మళ్లీ కూర్చోవాలి. ఆకాశంలో తిన్నగా పోతే 585 దాకానే! ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి గంటా పది నిమిషాల్లో దిగిపోవాలి కదా? టికెట్ మీద మాత్రం రెండు గంటల దాకా చూపిస్తారు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగేముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనే కలుపుతారట. పైగా విశాఖ రన్‌వే నౌకాదళానిది, దిగడానికి కాస్త ఆగాల్సి రావొచ్చు. అయినా నాకు ఆ రెండు గంటలూ చాల్లేదు!

ఎందుకంటే ఏటీఆర్‌కు రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి, కింద కనబడేదానికి అడ్డం రావు. జెట్ విమానాలంత ఎత్తుకూ పోదు. ఓర్వకల్లు - విశాఖ గీతను మ్యాప్ మీద గీసి చూడండి: నల్లమల దాటుతూ శ్రీశైలానికి పది కిలోమీటర్ల లోపు దూరంలో, ఆ తర్వాత విజయవాడకూ రాజమండ్రికీ కాస్త ఎగువన పోతుంది. కృష్ణ, గోదావరి రెండూ ఒకే పూట! పైలట్లు ఆ గీత మీదే నడుపుతారని కాదు, వాళ్ల దారులు వాళ్లకుంటాయి. కానీ నల్లమల పచ్చగా పరుచుకున్నప్పుడు నేను చంటిపిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆళ్లగడ్డ నుంచి ఓర్వకల్లుకు రోడ్డు మీద తొంభై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, తెల్లారకముందే బయల్దేరండి. సర్వీసులు రోజూ ఉండవు, మారుతుంటాయి, ముందే చూసుకోండి. విశాఖకు పోయేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటే అడగండి. శ్రీశైలం అటువైపే.