వినే పెట్టె చాలు

జగదల్‌పూర్, జనవరి 5, 2025, ఆదివారం

డెన్వర్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. నెలాఖరుకు వస్తున్నాడట, కాంగేర్ లోయలో తిరుగుదాం మామయ్యా అన్నాడు. సంతోషమే. వెంటనే, "నా ఇన్‌రీచ్ తెస్తున్నాలే, అత్తయ్యను దిగులు పడొద్దను" అని కూడా అన్నాడు. కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకు పోయినప్పుడు వాడి బ్యాగుకు వేలాడే వస్తువు అది. అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు 100 గ్రాములు. టవర్ లేని చోట కూడా ఇరిడియం ఉపగ్రహాల మీదుగా ఇంటికి మెసేజ్ పోతుంది, జవాబూ వస్తుంది. ఎస్ఓఎస్ నొక్కితే టెక్సాస్‌లో రాత్రింబగళ్ళు కాపలా ఉండే కేంద్రానికి కబురు అందుతుంది.

"ఒరేయ్, దాన్ని అక్కడే వదిలేసి రా" అన్నాను. నవ్వాడు. ఎందుకో చెప్పేలోపే ఏదో మీటింగ్ ఉందని పెట్టేశాడు.

జనవరి 7

వాట్సాప్‌లో పొడుగ్గా రాసి పంపాను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నేరం. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ఉండనే ఉంది. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్ళు ఉపగ్రహ ఫోన్ వాడాక పట్టు ఇంకా బిగిసింది. మెసేజ్‌లు మాత్రమే పంపే ఇన్‌రీచ్‌నూ అధికారులు అదే గాటన కడతారు. మొన్న డిసెంబరులో గోవా విమానాశ్రయంలో కెనడా నుంచి వచ్చిన పరుగుల క్రీడాకారిణిని ఆపింది దీని గురించే. ఆవిడ దాచలేదు, స్కానర్ దగ్గర ట్రేలో పెట్టింది. పోలీసు స్టేషను, కోర్టు, జరిమానా అన్నీ చూసింది. అది గోవా. మావోయిస్టుల కోసం తనిఖీలు జరిగే బస్తర్ రోడ్డు మీద అలాంటిది సంచిలో దొరికితే జరిమానాతో పోతుందని నేను హామీ ఇవ్వలేను.

చట్టబద్ధంగా దొరికే దారి ఒకటుంది. బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఇన్‌మార్‌శాట్ ఫోన్. అనుమతి తెచ్చుకునేసరికి వాడి సెలవు అయిపోతుంది. తెచ్చుకున్నా, ఆ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట ఉంటుంది. యాంటెన్నాను దక్షిణపు ఆకాశం వైపు, ఏ అడ్డూ లేకుండా చూపాలి. సాల్ అడవిలో ఆకాశం ఎక్కడుంది?

వాడి జవాబు: "మరి నా ఐఫోన్ శాటిలైట్ ఎస్ఓఎస్?" ఇండియాలో అది పనిచెయ్యదు నాయనా.

జనవరి 12

ఈ ఆదివారమంతా పరికరాల మీదే గడిచింది.

వాడికి ముందుగా బుర్రకెక్కించాల్సింది ఒక్కటే. జీపీఎస్ వింటుంది, మాట్లాడదు. ఉపగ్రహాలు పంపే గడియారపు సంకేతాలు పట్టుకుని తానెక్కడుందో తానే లెక్క కట్టుకుంటుంది, బయటికేమీ పంపదు. ఇన్‌రీచ్ మాట్లాడుతుంది. తంటా అంతా ఆ మాట్లాడటంతోనే. కాబట్టి మనకు వినే పెట్టె చాలు.

అక్కడా ఒక మెలిక ఉంది. గార్మిన్ వాళ్ళదే జీపీఎస్‌మ్యాప్ 67 ఒకటి, 67ఐ ఇంకొకటి. చూడ్డానికి కవల పిల్లలు. రెండోదాని కడుపులో ఇన్‌రీచ్ ఉంటుంది. "నా ఫ్రెండ్ దగ్గర జీపీఎస్ ఉంది, అడిగి తెస్తా" అన్నాడు, ఏదని అడిగితే 67ఐ! దేవుడి దయ, అడిగాను.

నా జీపీఎస్ ఈట్రెక్స్ 22ఎక్స్ పాతదే, నాకు ఇష్టం. రెండు పెన్సిల్ సెల్స్‌తో దాదాపు 25 గంటలు నడుస్తుంది. అవి దర్భా ఊళ్ళో కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. కొత్తవాటి లోపలి బ్యాటరీ ఎన్ని గంటలు వస్తే మాత్రం, ఊళ్ళో కరెంటు లేని రాత్రి వాటిని ఎక్కడ చార్జ్ చేస్తాం? ఫోన్‌లో మ్యాపు ముందే దించుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా దారి చూపిస్తుంది, తెర కూడా బాగుంటుంది. కానీ చెమట చేతులకు, మంచుకు ఫోన్ పనికిరాదు. బటన్లే మేలు.

పాత టోపోషీటు బయటికి తీశాను. అది ఎవరెస్ట్ లెక్కలో గీసినది, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్-84. సెట్టింగు చూసుకోకుండా షీటులోని అంకెలు ఎక్కిస్తే వంద మీటర్లకు పైగా పక్కకు పోతాం. లోయ అంచున వంద మీటర్లంటే చిన్న విషయం కాదు.

జనవరి 24

వచ్చాడు. సంచి మొత్తం నేనే తిరగేశాను, వాడు ముఖం మాడ్చుకున్నా సరే. రిపబ్లిక్ డే ముందు రోజులు, రోడ్డు మీద అడుగడుగునా తనిఖీ. ఒక నాకా దగ్గర జవాను ఈట్రెక్స్ చేతిలోకి తీసుకుని, "దీంతో మెసేజ్ పోతుందా?" అని అడిగాడు. పోదన్నాను. దాని అట్టపెట్టె, బిల్లు చూపించాను. బటన్లు నాలుగు నొక్కి చూసి ఇచ్చేశాడు. "ఇందుకా అట్టపెట్టె కూడా మోసుకొచ్చావు!" అన్నాడు మా వాడు.

ఫిబ్రవరి 2, ధుడ్‌మరాస్

ధుర్వా గిరిజనుల ఊరు. పోయినేడాది ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పల్లెల కార్యక్రమంలో దీని పేరు చేరిందని ఊరంతా గర్వంగా చెబుతారు. రాత్రి బస ఇక్కడే. అడవిలో పగటి నడకలే, గైడుతోనే. 1982లో నేషనల్ పార్క్ అయిన అడవి ఇది, విచ్చలవిడిగా గుడారాలు వేసేది కాదు.

పొద్దున సాల్ నీడలో ఆగి అటుకులు తింటున్నాం. ఈట్రెక్స్ తెర చూశాను. రోడ్డు మీద నాలుగు మీటర్ల తేడా చూపినది ఇక్కడ పద్దెనిమిది అంటోంది. మేం కూర్చునే ఉన్నాం, తెర మీద మా బాణం గుర్తు మాత్రం వాగు దాటి అవతలి గట్టెక్కి మళ్ళీ వెనక్కి వచ్చింది. సంకేతాలు బండలకు, మానులకు తగిలి చుట్టు తిరిగి వస్తాయి, లెక్క తప్పుతుంది. గైడు వంగి చూసి హల్బీలో ఏదో అన్నాడు. కూర్చోలేకపోతున్నాడు పాపం మీవాడు, అని దాని అర్థం.

అతను ఎటు తిరగాలో ఒక్కసారి కూడా ఆగి చూసుకోలేదు. అలాగని పెట్టె వృథా అనను. అతనికే కాలు బెణికితే రోడ్డుకు దారి చూపాల్సింది అదే.

ఫిబ్రవరి 3

రాత్రి మాటల్లో వేట వచ్చింది. లైసెన్సు కొని, నారింజ చొక్కా వేసుకుని ఎల్క్‌ను కొట్టే సంగతి మా వాడు చెప్పాడు, పెద్దాయన ఒకాయన ఆసక్తిగా విన్నాడు. ఇక్కడ ఊరంతా కలిసి వెళ్ళే పారద్ వేట ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని నేరం చేసింది. ఆ వేటతో ముడిపడ్డ విత్తనాల పండుగ మాత్రం ఇంకా ఉంది. గోదావరి ఒడ్డున మన కోయలు చేసుకునే భూమి పండుగకు అది తోబుట్టువే.

ఆ పండుగ పేరెత్తగానే పెద్దాయన ఎడెస్‌మెట్ట అన్నాడు. 2013 మే నెల, బీజాపూర్ జిల్లా. విత్తనాల పండుగకు రాత్రిపూట పోగైన జనం మీద బలగాలు కాల్పులు జరిపాయి. ఎనిమిది మంది ఊరివాళ్ళు పోయారు. వాళ్ళు మావోయిస్టులు కారని న్యాయ విచారణ తర్వాత తేల్చింది. అక్కడ పోయినవాళ్ళకు తామెక్కడున్నారో తెలియక కాదు. చీకట్లో తామెవరో అవతలివాడికి తెలియలేదు. ఏ పరికరం అది చెబుతుంది?

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా ఎస్ఓఎస్ ఇక్కడ ఎవరికి పోతుంది మామయ్యా?" అన్నాడు. టెక్సాస్ నుంచి తిరిగి తిరిగి చివరికి ఈ అడవి బీట్ గార్డు దగ్గరికే రావాలి. ఆ గార్డుకు ముందే చెప్పిపోతే సరిపోతుంది కదా.

పొద్దున్నే కాగితం మీద రాసిచ్చాం. ఎవరెవరం, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తాం, రాకపోతే ఎటు వెతకాలి. ఒకటి గార్డుకు, ఒకటి బస ఇంటావిడకు. నాలుగు గంటలు అని నేను రాస్తే ఆవిడ మూడున్నర చేయించింది. వంట చల్లారిపోతుందట.