పదకొండు దగ్గర ఆగిన వేగము

ఇంటిలోని నాస్ (నెట్‌వర్కు ద్వారా ఫైళ్లనందించు నిల్వపెట్టె) నుండి పెండ్లి వీడియోలను కంప్యూటరునకు దింపుకొనునపుడు, వేగము సెకనుకు 11 మెగాబైట్లకడ కదలక మెదలక నిలిచిపోయినచో, తొందరపడి డిస్కును నిందింపకుడు. నేటి సామాన్యమైన హార్డుడిస్కు సైతము పెద్ద ఫైలును సెకనుకు 100 మెగాబైట్లకు మించి చదువగలదు గనుక, దోషము తరచుగా కేబులునందే యుండును. గిగాబిట్ వేగమునకు ఈథర్నెట్ కేబులులోని ఎనిమిది తీగలును, అనగా నాలుగు జతలును, సక్రమముగా నుండవలెను. 100 మెగాబిట్లకు, అనగా ఆచరణలో పైని 11 మెగాబైట్లకు, రెండు జతలే చాలును. కావున ఒక్క తీగ తెగినను, ఉభయ యంత్రములును తమలో తాము రాజీపడి, యజమానికి మాటమాత్రమైనను చెప్పక, పదవ వంతునకు దిగిపోవుట కలదు. (ఈ మౌనమే నాకు మిక్కిలి కోపకారణము!)

మా యింట తలుపుసందున నలిగి, తొడుగు తెల్లబారిన కేబులు నొకదానిని మార్చినంతనే అంకె 110కి లేచినది.

వేలకొలది చిన్న ఫోటోలను పంపునపుడు మాత్రము కేబులెంత మంచిదైనను వేగము పడిపోవును. ప్రతి ఫైలునకును తెరచుట, వ్రాయుట, మూయుట యను తతంగము, తాలూకా కచేరీలో దరఖాస్తునకువలె, విడివిడిగా జరుగవలసినదే గదా. వానిని ఒక్క జిప్ ఫైలుగా కట్టి పంపుట మేలు.