గొలుగు నీడ

చెన్నై వ్యాసర్పాడిలో, రవీశ్వరుడి గుడికి నడక దూరంలో ఉన్న ఓ బడి గురించి రాసుకురమ్మని ఎడిటరు పంపారు. తరగతి గదులు, కంప్యూటర్లు అన్నీ చూపించారు. వాటి సంగతి బడివాళ్ళ బ్రోచరులోనే ఉంది. నేను పెరడు దాటి రాలేకపోయాను.

అక్కడ రెండు నిద్రగన్నేరు చెట్లు. కింద మోకాలెత్తున గొలుగు పొదలు, నేల కనబడనంత ఒత్తుగా. పెంచింది బడి ఆయమ్మ. నెల్లూరు వైపు మనిషి. లోపలి గింజ లీలగా కనబడే గులాబీ రంగు పండొకటి తెంపి, బొటనవేలితో పిసికి, గుజ్జంతా కడిగి, గింజను అప్పటికప్పుడే ఆవిన్ పాల కవరులోని మట్టిలోకి నొక్కింది. "తాజా గింజయితేనే నమ్మకం నాయనా" అంది.

చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మి.మీ. వాన. అందులో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే. మిగతా నెలల్లో పెద్ద చెట్టు కింద నీడకు కొదవలేదు, తడికే కరువు. చిన్న జల్లు కొమ్మల మీదే ఆగిపోతుంది, నేలలోని చెమ్మను వేళ్ళు తాగేస్తాయి. అలాంటి చోట లాన్ పరిస్తే నీళ్ళూ డబ్బూ దండగ. ఆయమ్మ వానల ముందు జానెడు మొక్కలే నాటుతుంది. పెద్ద మొక్కకు పెద్ద గుంట తవ్వితే చెట్టు వేళ్ళు తెగుతాయి. మొదటి వేసవి గట్టెక్కేదాకా చెంబుతో నీళ్ళు, ఆపైన ఏడాదికోసారి కత్తిరింపు. వదిలేస్తే మనిషెత్తు దాటుతుంది.

పిల్లవాణ్ణి తీసుకెళ్ళడానికొచ్చిన ఓ తండ్రి విసుక్కున్నాడు: "ఏందమ్మా ఈ అడివి? పాములొస్తాయి. గడ్డేసి రంగురాళ్ళు పెట్టొచ్చుగా?" ఆమె ఆయనకు జవాబివ్వలేదు. చీపురు పట్టిన కుర్రాణ్ణి కసిరింది: "ఆకులు ఎత్తమాకరా, నేలెండిపోద్ది!"

అడివే, కాదన్నదెవరు? 1978లో జాతీయ పార్కు అయిన గిండీలోనూ, రాకెట్ కేంద్రం పుణ్యమా అని మిగిలిన శ్రీహరికోట అడవిలోనూ చెట్ల కింద ఉండేది ఇలాంటి పొదలే. ఈ తీరానికి సొంతమైన సతతహరిత అడవి ఇప్పుడు తునకలుగా మిగిలింది. మొక్కలు నాటామని ఫొటోలు దిగేవాళ్ళు చెట్లనే లెక్కపెడతారు, పొద లెక్కకు రాదు. నర్సరీలో అడిగితే అమెరికా ఖండం నుంచి వచ్చిన వెడీలియా చేతిలో పెడతారు. కొమ్మ గుచ్చితే చాలు అల్లుకుపోతుంది, తర్వాత దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. గొలుగు ఆకు తిని సీతాకోకచిలుక అయ్యే గొంగళికి అది పనికే రాదు. గొలుగుది నిదానపు పెరుగుదల, దానికోసం ఎదురుచూసే ఓపిక వ్యాపారానికి లేదు.

కవరు ఎంతమ్మా అని అడిగాను. అమ్మదట. ఏ చెట్టు కింద పెడతారో చెబితే ఊరికే ఇస్తుందట. ఆకులు ఊడ్చి తగలబెట్టే ఇంటికి మాత్రం ఒక్కటీ ఇవ్వదట.