ఎర్రరాతి గండ్లలో దారులు: మోయాబ్ ప్రాంత పరిచయం

అమెరికాలోని యూటా రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో, కొలరాడో నది ఒడ్డున, సముద్రమట్టానికి దాదాపు 4,000 అడుగుల ఎత్తున ఉన్న మోయాబ్, 2020 జనాభా లెక్కల ప్రకారం 5,366 మంది నివసించే చిన్న పట్టణం. తెలుగు బైబిలు చదివినవారికి మోయాబు దేశం పరిచితమే. పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఇక్కడ స్థిరపడినవారు ఆ పేరే ఈ ఊరికి పెట్టుకున్నారన్నది ఎక్కువగా వినిపించే మాట. అంతకు పూర్వం ఇది యూట్ తెగ ప్రజల నేల. ఏడాది పొడుగునా కురిసే వాన తొమ్మిది అంగుళాల ప్రాంతంలోనే ఉంటుంది, అంటే కరవుకు మారుపేరైన అనంతపురం సీమలో పడేదాంట్లో సగమైనా కాదు. అయినా ఊరి శివార్లలోని ఆర్చెస్ జాతీయ వనం ఒక్కదానికే ఇటీవలి సంవత్సరాలలో ఏటా పది లక్షలకు పైగా సందర్శకులు వస్తున్నారు. వసంతంలోనూ శరత్తులోనూ చక్రాల మీద నడిచే ఇళ్ళు, వాటి వెనుక కట్టిన జీపులు ప్రధాన వీధి పొడవునా బారులు తీరుతాయి.

ఈ సీమ రూపురేఖలకు మూలం ఉప్పు. దాదాపు 30 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ ఉన్న సముద్రం పదేపదే ఎండిపోయి వేల అడుగుల మందాన ఉప్పు పొరలను మిగిల్చింది; వాటి మీద ఇసుకరాయి పేరుకొన్నకొద్దీ, ఆ బరువుకు తాళలేని ఉప్పు ఉన్న చోట నిలవక, పిండిముద్దను అదిమితే వేళ్ళ సందుల్లోంచి ఉబికినట్టు పక్కకూ పైకీ ప్రవహించి, పైరాతిని గుమ్మటంగా లేపింది. తరవాత నీరు దిగి ఉప్పు కరిగిపోగా గుమ్మటం నడిమికి కుంగింది. మోయాబ్ ఊరున్న లోయ అలా కుంగిన నేలే; అందుకే కొలరాడో నది ఈ లోయ వెంట పారకుండా, ఒక వైపు రాతిగోడను చీల్చుకుని వచ్చి, లోయను అడ్డంగా దాటి, ఎదుటి గోడలోకి దూరిపోతుంది. నది కొండను కోసుకుపోయిన ఇరుకు లోయను తెలుగులో గండి అంటారు (గండికోట పేరులో ఉన్నది ఆ మాటే). ఈ ప్రాంతమంతా అటువంటి గండ్ల అల్లిక. కుంగుబాటుకు పైరాయి సమాంతరంగా బీటలువారి, బీటల మధ్య మిగిలిన పలుచని రాతిగోడలకు మంచూ నీరూ చిల్లులు పెట్టగా ఏర్పడినవే ఆర్చెస్ వనంలోని రెండు వేలకు పైబడిన శిలాతోరణాలు. తిరుమల కొండ మీది శిలాతోరణం వెడల్పు సుమారు పాతిక అడుగులు కాగా, ఇక్కడి ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ 306 అడుగుల మేర సాగి ఉంటుంది. 1991లో దాని కింది భాగం నుంచి ఒక పెద్ద రాతిపలక ఊడిపడిన నాటి నుంచి దాని కిందికి ఎవరినీ పోనివ్వడం లేదు.

ప్రకృతి ఇంత చేసినా, ఈ గండ్లలోకి బండి దిగగలుగుతున్నదంటే దానికి కారణం యురేనియం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా అణుశక్తి సంఘం దేశీయ యురేనియానికి తానే కొనుగోలుదారై హామీ ధర ప్రకటించడంతో గనివేటగాళ్ళు ఈ ఎడారి మీద పడ్డారు. వారిలో ఒకడైన ఛార్లీ స్టీన్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు, రేడియోధార్మికతను కనిపెట్టే గైగర్ కౌంటర్ కూడా లేకుండా, పాత యంత్రంతో తవ్వుతూ 1952లో మోయాబ్‌కు ఆగ్నేయంగా గొప్ప నిక్షేపాన్ని కనుగొని, ఆ గనికి ‘నా జీవితం’ అనే అర్థం వచ్చేలా స్పానిష్‌లో మి వీడా అని పేరు పెట్టాడు. 1950లో పన్నెండు వందల పైచిలుకు ఉన్న ఊరి జనాభా పదేళ్ళలో 4,600 దాటింది. పశువుల కాపరులు మందలను తోలుకుపోయిన షేఫర్ కాలిబాట ఖనిజపు లారీల కోసం వెడల్పయింది. గండి మధ్యలో అరుగులా నిలిచిన తెల్లని ఇసుకరాతి అంచు వెంట వైట్ రిమ్ రోడ్డు పడింది. విడ్డూరమేమంటే, ఈ అరుగు పరిసరాలలో దొరికిన యురేనియం చాలా స్వల్పం: ఖనిజం కోసం వేసిన దారులు ఖనిజానికి పనికిరాలేదు, 1964లో అదే నేల కేన్యన్‌ల్యాండ్స్ జాతీయ వనమయ్యాక చూడవచ్చినవారికి పనికివచ్చాయి. గండికోటా తుమ్మలపల్లి యురేనియం గనీ ఒకే కడప జిల్లాలో ఉన్న సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ జోడింపు మరీ కొత్తగా తోచకపోవచ్చు. మోయాబ్ తవ్వకాల శేషం కొలరాడో నది ఒడ్డునే మిగిలింది. 1984లో మూతపడిన శుద్ధి కర్మాగారం వదిలిపోయిన సుమారు 1.6 కోట్ల టన్నుల రేడియోధార్మిక వ్యర్థాన్ని ముప్ఫై మైళ్ళ ఉత్తరాన ఉన్న క్రెసెంట్ జంక్షన్‌కు రైళ్ళలో తరలించే పని 2009లో మొదలైంది.

ఈ దారులలో తిరగడానికి వచ్చేవారి ప్రయాణపద్ధతి కొంత వివరించదగినది. ఆర్వీ అని పొడి అక్షరాలతో పిలిచే చక్రాల ఇల్లు రెండు రకాలు: సొంత ఇంజను ఉన్నది మోటార్‌హోమ్, వేరే బండి లాగేది ట్రెయిలర్. వంటిల్లు, పడక, స్నానాలగది అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి అడుగున మూడు తొట్లు తప్పనిసరి: మంచినీళ్ళకు ఒకటి, స్నానపు నీళ్ళూ అంట్లు తోమిన నీళ్ళూ చేరడానికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. ఎడారిలో మకాం ఎన్నాళ్ళన్నది తిండి కంటే ఈ తొట్లే నిర్ణయిస్తాయి, ఎందుకంటే చివరి రెండూ నిండితే డంప్ స్టేషన్ అనే చోటికి తీసుకుపోయి ఖాళీ చేయక తప్పదు. కుళాయి, కరెంటు లేని చోట ఇలా మకాం వేయడాన్ని బూన్‌డాకింగ్ అంటారు; కొండకు ఫిలిప్పీన్స్ వారి తగలోగ్ భాషలో ఉన్న ‘బుండోక్’ అనే పేరు అమెరికా సైనికుల నోట పడి ఆ రూపం దాల్చింది. అయితే ముప్ఫై నలభై అడుగుల ఇల్లు రాతిదారిలో ఒక్క మలుపు కూడా తిరగలేదు. కేన్యన్‌ల్యాండ్స్‌లోని మెసా (అంటే బల్లపరుపు కొండ) మీద ఉన్న విల్లో ఫ్లాట్ విడిదిలోనే 28 అడుగులు దాటిన బండికి చోటు లేదు. కాబట్టి ఇంటిని ఊళ్ళో నిలిపి, వెనుక లాక్కొచ్చిన జీపును విప్పుకుని కొండెక్కుతారు. ఆ లాగుడు బండికి ‘టోడ్’ అని ముద్దుపేరు. లాగినది అనే ఇంగ్లీషు మాటా, కప్ప అనే మాటా ఒకేలా పలుకుతాయి, ఆ బండి కూడా పెద్దదాని వెనుక కప్పలాగే గెంతుతూ వస్తుంది.

ఇక్కడి నున్నని ఇసుకరాతి నేలకు స్లిక్‌రాక్ అని పేరు, అంటే జారుడు బండ. నాడాలు కొట్టిన గుర్రాలు దీని మీద జారిపడేవి కనుక ఆ పేరు వచ్చింది. రబ్బరు టైరుకు మాత్రం ఈ రాయి గరుకు కాగితం వంటిది. గుట్ట కింద బండి ఆపి, మామూలుగా 35 పీఎస్ఐ ఉండే గాలిని ఇరవైకి అటూఇటూగా తగ్గిస్తే, టైరు అడుగు వెడల్పుగా పరుచుకుని బండ మీది ప్రతి మిట్టనూ అరచేయి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజను బలమందే తక్కువ గేరులో, ముందు అద్దంలో ఆకాశం తప్ప మరేమీ కనబడని వాలును జీపు నడక వేగంతో ఎక్కుతుంది. పక్కనున్న మనిషి దిగి చేతి సైగలతో చక్రం ఎక్కడ పెట్టాలో చెబుతాడు. 1967లో ఒక్క రోజు యాత్రగా మొదలైన ఈస్టర్ జీప్ సఫారీ ఈ విద్యకు ఉత్సవంగా మారింది. సుమారు 100 మైళ్ళ వైట్ రిమ్‌కు ఇంత నైపుణ్యం అక్కరలేదు గాని, మెసా అంచుకు 1,200 అడుగుల దిగువన రెండు మూడు రోజులు సాగే ఆ ప్రయాణానికి అనుమతిపత్రం, దారిలో దొరకని తాగునీరు ముందుగానే సమకూర్చుకోవాలి.

బండ మీద ఏ చక్రమైనా నల్లని గీత మాత్రమే మిగులుస్తుంది. హాని జరిగేది బండ దిగి ఇసుకలోకి మళ్ళినప్పుడు. బండల మధ్య నేల మీద నల్లగా, మాడిన రొట్టె పైభాగంలా బొడిపెలు తేలి కనిపించేది మట్టి కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగురు పోగులతో ఇసుక రేణువులను కుట్టి తయారుచేసిన సజీవమైన పొర. దాని మీదే నాచులూ లైకెన్లూ మొలుస్తాయి, గాలికి నేల లేచిపోకుండా ఆపేదీ అదే. ఒక్క అడుగుకు పొడి అయ్యే ఆ పొర తిరిగి కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. యూటీవీ అనే తేలిక బండ్ల రొదతో ఊరివారికి నిద్ర కరవైన మాటా నిజమే గాని, అసలు చిక్కు చప్పుడు కాదు, ప్రతి పాత గనిదారినీ హక్కుగా భావించే ధోరణి. ప్రభుత్వ భూములను చూసే భూయాజమాన్య సంస్థ 2023లో మోయాబ్ పశ్చిమాన లాబిరింత్ కేన్యన్ పరిసరాలలో 317 మైళ్ళ దారులను బండ్లకు మూసివేయగా, జీపు సంఘాలు కోర్టుకెక్కాయి. మూసిన దారి మొదట్లో ఎండు పొదలను తెచ్చి నిలువుగా పాతిపెడతారు, దారి ఉన్నట్టు కనబడకపోతే చక్రం అటు తిరగదని. అవతల, యాభైలలో గనివేటగాళ్ళు ఒక్కసారి నడిపి వదిలేసిన ట్రక్కుల జాడలు రెండు సమాంతర రేఖలుగా ఇప్పటికీ నల్ల పొరను చీలుస్తూ, ఎటూ చేరకుండా, గండి అంచు దాకా పోయి ఆగుతాయి.