సోలంగ్ మంచులో అవ్వ కేక

తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి మడివాళలో స్థిరపడిన కుటుంబం మాది. చలికాలం పొద్దున్నే మడివాళ చెరువు మీద కమ్ముకునే మంచు తప్ప వేరే మంచు మేము చూసింది లేదు. అందుకే ఈ జనవరిలో మనాలి పోతూ, వద్దు వద్దంటున్నా అమ్మను కూడా తీసుకెళ్ళాం.

మనాలి నుంచి సోలంగ్ దాదాపు 13 కిలోమీటర్లు. దారి పొడవునా కోట్లు, బూట్లు, స్కీలు అద్దెకిచ్చే అంగళ్ళు. సోలంగ్‌లో మంచు చాలకపోతే బండ్లవాళ్ళు 2020లో తెరిచిన అటల్ సొరంగం గుండా అవతల సిస్సు దాకా తీసుకెళ్తారు. మాకు ఆ అవసరం రాలేదు, ముందురోజు రాత్రే బాగా కురిసింది.

స్కీ బూటు వేసుకుంటే చీలమండ వంగదు. నాలుగు అడుగులు నడిస్తేనే ఆయాసం. నేర్పించే అబ్బాయి హిందీలో ముఖ్యంగా రెండు మాటలు చెప్పాడు. ఆగాలంటే స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద బరువు వెయ్యాలి. అదుపు తప్పితే పక్కకు ఒరిగి కూర్చోవాలి. కన్నడ మీడియంలో చదివిన మా హిందీ అంతంతే. అయినా అర్థమైనంత వరకు అమ్మకు తెలుగులో, పాపకు కన్నడలో చెప్పాం.

పాపకు ఎనిమిదేళ్ళు. అవ్వ తెలుగులో ఏం అడిగినా కన్నడలోనో ఇంగ్లీషులోనో బదులిస్తుంది. "నేను పోయినాక ఈ ఇంట్లో తెలుగు ఎవరు మాట్లాడతారు?" అని అమ్మ ఆరోజు దారిలో కూడా అనింది. మేము కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాం.

మూడోసారి జారేటప్పుడు పాపకు వేగం ఎక్కువైంది. కింద జనం నిలబడి ఉన్నారు. "అప్పా, బీళ్తీని!" అని అరిచింది, పడిపోతానని. మాకు నోట మాట రాలేదు. కింద కుర్చీలో ఉన్న అమ్మ లేచి, "కూర్చోవే! పక్కకు ఒరిగి కూర్చో!" అని కేకేసింది. పాప టక్కున ఒరిగి మంచులో కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు.

"అవ్వ చెప్పింది అర్థమైందా?" అని అడిగాం. నాకు అర్థం కాదా ఏంటి, అని కన్నడలోనే అనింది.

ఆ రాత్రి హోటల్లో మాకు నిద్ర పట్టలేదు. పాపకు తెలుగు రాదని మేమే అనుకున్నాం. అందుకే ఆ వాలు మీద కూడా కన్నడలో చెప్పాం. అమ్మ మాత్రం ఎప్పుడూ భాష మార్చలేదు.

ఇంటికొచ్చాక మేమూ పాపతో తెలుగే మాట్లాడుతున్నాం. బదులు ఇంకా కన్నడలోనే వస్తోంది. రానీ.