పొద్దున్నే 740 వోల్టులు

డిసెంబర్ 11, రాప్తాడు

హంపాపురం దిక్కు చీనీ తోట నుంచి సోలార్ పంపు కంట్రోలర్ ఒకటి వచ్చింది. ఐజీబీటీ స్విచ్చుల పక్కనుండే కందిబేడంత సెరామిక్ కెపాసిటర్ షార్టయి, కిందున్న బోర్డు కూడా బొగ్గయిపోయింది. రైతు పెద్దాయన, "ఏమప్పా, ఈ బేడంత దానికి మోటారంతా నిలబడిపోతుందా?" అన్నాడు. నిలబడుతుందన్నా అన్నాను. చలి మొదలైన కాడ నుంచి పొద్దున పూటే ట్రిప్పవుతా ఉందని పోతా పోతా చెప్పాడు. నాకు పనికొచ్చిన మాట అదే.

డిసెంబర్ 12

తోటకు పోయి లెక్క సరిచూశాను. వరుసలో 16 ప్యానెళ్లు, లోడు లేనప్పుడు ఒక్కోటి 45 వోల్టులు. మొత్తం 720. అయితే ఆ 45 సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటి అంకె. డిగ్రీ తగ్గేకొద్దీ సుమారు 0.3 శాతం వోల్టేజి పెరుగుతుంది. సెల్ 15 డిగ్రీల దగ్గరుండగా ఎండ తగిలితే 740 దాటుతుంది. మధ్యాహ్నం అదే సెల్ 65 డిగ్రీలకు కాగితే 635 దగ్గర ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం పంపు నడుస్తుండగా మీటరు పెట్టి 630 వోల్టుల కెపాసిటర్ సరిపోతుందనుకుంటే చలికాలంలో అది నిలవదు.

దీనికి తోడు మన నేల కరువు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట బోరు మధ్యలోనే ఆగిపోతుంది. నీళ్లు లేవని పసిగట్టి కంట్రోలర్ మోటారును ఆపేస్తుంది. లోడు పోగానే ప్యానెళ్ల వోల్టేజి పైకి లేస్తుంది, బూస్ట్ లేని ఈ కంట్రోలర్లలో అదంతా నేరుగా లోపలి డీసీ బస్ మీదికే వస్తుంది. ఎండిన బోరు ఉన్న తోటలోనే కెపాసిటర్‌కు ఎక్కువ పరీక్ష. ఇక్కడ 1000 వోల్టులకు తక్కువది వేయకూడదు.

డిసెంబర్ 15

సెరామిక్ చిప్పు కెపాసిటర్ మీద అక్షరం ఉండదు. 50 వోల్టులదీ 1000 వోల్టులదీ ఒకే సైజులో దొరుకుతాయి, కంటికి తేడా తెలీదు. పాత బోర్డుల నుంచి పీకిన చిప్పులను, పొట్లంలో పోసి అమ్మే చిప్పులను హై వోల్టేజి పనికి ముట్టకూడదు. లేబులున్న రీలు నుంచే తీసుకోవాలి.

ఎక్స్7ఆర్ రకం గురించి కుర్రాళ్లకు గట్టిగా చెప్పాలి. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా కెపాసిటెన్సు 15 శాతానికి మించి మారదని ఆ పేరుకు అర్థం. అది వేడి సంగతి మాత్రమే, వోల్టేజి సంగతి కాదు. లోపలుండేది బేరియం టైటనేట్. డీసీ పెరిగేకొద్దీ దాని స్పందన మందగిస్తుంది. రేటెడ్ వోల్టేజి దగ్గర సగానికి పైగా కెపాసిటెన్సు పోయే చిప్పులున్నాయి. 100 నానోఫారడ్లు అని వేసిన చోట 40 కూడా మిగలకపోవచ్చు. కంపెనీ గ్రాఫు చూడకుండా విలువ నిర్ణయించకూడదు. వోల్టేజి కుదుపులను అణిచే స్నబ్బర్లకు సీ0జీ రకం వేస్తాను. విలువ తక్కువ, ధర ఎక్కువ, కానీ వోల్టేజికి చలించదు.

డిసెంబర్ 19

అదే కంట్రోలర్‌లో మాడకుండా మిగిలిన ఇంకో చిప్పును పీకి, అరగదీసి భూతద్దం కింద చూశాను. సోల్డర్ అంచు దగ్గర నుంచి ఏటవాలుగా పగులు. మాడిన చిప్పును చంపింది వోల్టేజి ఒక్కటే కాదు, వంపు కూడా. స్క్రూ రంధ్రానికి ఆనుకుని పెట్టారు, పెట్టె రేకు ఎగుడుదిగుడుగా ఉంది. స్క్రూ బిగించినప్పుడల్లా బోర్డు వంగింది. బోర్డు వంగుతుంది, పింగాణీ వంగదు. పగిలిన వెంటనే ఏమీ కాదు, నెలల తర్వాత తేమ చేరి షార్టవుతుంది.

కొత్త బోర్డులో చిప్పును స్క్రూలకు దూరంగా జరిపి, పొడవు బోర్డు అంచుకు సమాంతరంగా ఉండేట్టు తిప్పాను. వంపును తట్టుకునే సాఫ్ట్ టెర్మినేషన్ రకమే తెప్పిస్తున్నాను. సోల్డరింగ్ ఐరన్‌ను చిప్పుకు తాకించకుండా, బోర్డును ముందు వేడిచేసి హాట్ ఎయిర్‌తోనే పెట్టాలి.

డిసెంబర్ 20

ఎర్రమట్టి దుమ్ము, తెల్లవారుజామున మంచు. రెండూ కలిస్తే చిప్పు పైనుంచే కరెంటు దూకుతుంది. చిప్పు కింద ఫ్లక్స్ మిగలకుండా కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే కోటింగ్ వేయాలి. మురికి మీద కోటింగ్ వేస్తే మురికి లోపలే ఉంటుంది.

జనవరి 4

బస్ నుంచి బాడీ ఎర్త్‌కు పోయే చోట మామూలు చిప్పు వేయడం నేరం. అది షార్టయితే పెట్టె తాకిన మనిషికి షాకు. అక్కడ వై తరగతి సేఫ్టీ కెపాసిటరే ఉండాలి, అది కూడా ఈ బస్‌లోని డీసీకి సరిపోయే రేటింగుతో.

మూత లోపల అంటించే కాగితం ఈ రోజు రాశాను. బస్‌లో 235 మైక్రోఫారడ్లున్నాయి. 740 వోల్టుల దగ్గర 64 జౌళ్లు, ప్రాణం తీయడానికి చాలు. 200 కిలో ఓమ్‌ల బ్లీడర్ రెసిస్టర్‌తో 50 వోల్టులకు దిగడానికి రెండు నిమిషాలు దాటుతుంది. కాగితం మీద ఐదు అని వేశాను. "ముందు డీసీ ఐసొలేటర్ ఆపండి. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల వైర్లలో కరెంటు ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత మీటరుతో కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి." బ్లీడర్ తెగిపోయి ఉంటే ఐదు నిమిషాలు ఆగినా లాభం లేదు. అందుకే "కొలవండి" అన్న మాటను ఎర్ర సిరాతో పెద్దగా ముద్రించమన్నాను.