వాత కాదు, వెచ్చదనం

మావైపు పసిరికలు అని పిలిచే కామెర్లు సోకిన పిల్లలకు వాత పెట్టించడం నా చిన్ననాట చేవెళ్ల చుట్టుపక్కల పల్లెల్లో మామూలు విషయం. నా ఈడువారి ముంజేతులపై ఆ మచ్చలు నేటికీ కనిపిస్తాయి. అందుకే యూనానీ వైద్యంలో పట్టా పుచ్చుకున్న మా మేనకోడలు, "మామూ, అమ్మీ మోకాళ్లకు జపాను పద్ధతిలో సన్నని సూదులు పెట్టి, వాటిపై మూలిక వెలిగించి వేడి ఇద్దామనుకుంటున్నాను. ధర్మపరంగా అభ్యంతరమేమైనా ఉందా?" అని అడిగినప్పుడు నా కళ్ల ముందు మొదట మెదిలింది ఎర్రగా కాలిన ఆ ఇనుప చువ్వే.

ప్రశ్న సబబైనదే. స్వస్థత తేనెలోనూ, హిజామాలోనూ, నిప్పుతో పెట్టే వాతలోనూ ఉందని తెలుపుతూనే, వాతను తన సమాజానికి వారిస్తున్నానని దైవప్రవక్త (స) పలికినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మరోవైపు, బాణం దెబ్బ తిన్న హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయానికి ఆయనే స్వయంగా వాత పెట్టినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. రెండింటికీ పొంతన ఎలాగని ఈ పాఠం వచ్చిన ప్రతి ఏడూ మదరసా విద్యార్థులు అడుగుతుంటారు. ఇమామ్ ఇబ్ను ఖయ్యిమ్ (1292-1350) 'జాదుల్ మఆద్'లో ఈ ఉల్లేఖనాలన్నిటినీ ఒకచోట చేర్చి, వాటిలో వైరుధ్యం లేదని వివరించారు. చేసి చూపడం అనుమతికి నిదర్శనం; మానుకోవడాన్ని మెచ్చుకోవడం, మానడమే మేలని తెలుపుతుంది; వారింపు అవసరం లేని చోట నిప్పును ఆశ్రయించేవారి గురించినది.

కనుక నేను మేనకోడలిని అడగవలసింది ఒక్కటే: ఇది చర్మాన్ని కాలుస్తుందా, లేదా? యూనానీలో చర్మం కాలిస్తే 'కయ్', కాపడం పెడితే 'తక్మీద్'. రెండూ వేడే, కాని రెండూ ఒకటి కావు.

జపానులో ఈ రెండూ ఉన్నాయని ఆమె చెప్పింది. అక్కడ 'యొమోగి' అనే మొక్క ఆకులను ఎండబెట్టి, దంచి, జల్లించగా మిగిలే దూదివంటి నూగును 'మొగుసా' అంటారు. 'మొక్సా' అనే పేరు దాని నుండి వచ్చినదే. మన పొరుగువారు వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రి, మా హకీములు వాడే అఫ్సంతీన్ కూడా ఆ మొక్క జాతివే. పూర్వం ఆ నూగును బియ్యపు గింజంత ముద్ద చేసి చర్మంపైనే పూర్తిగా కాల్చేవారు, మచ్చ పడేది. జపాను భాషలో 'మొక్సా పెట్టడం' అంటే గట్టిగా మందలించడమని కూడా అర్థమట. కర్రు కాల్చి వాత పెట్టడమని మనమూ అంటాం కదా! బషో అనే కవి 1689లో సుదీర్ఘ పాదయాత్రకు బయలుదేరబోతూ మోకాలి కింద మొక్సా పెట్టుకున్నానని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. నేడు మచ్చపడని పద్ధతులే ఎక్కువ.

సూదుల సంగతి నన్ను ఇంకా ఆకర్షించింది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి (1610-1694) అనే అంధ వైద్యుడు సూదిని సన్నని గొట్టంలో ఉంచి, పైన వేలితో తట్టి చర్మంలోకి దింపే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. చూపు లేని చేతికి ఆ గొట్టమే దారి చూపింది. సూది వెంట్రుకంత సన్నగా ఉన్నా వంగకుండా దిగింది. అంధులకు ఈ విద్య నేర్పే పాఠశాలలు ఆయన నెలకొల్పాడు. మన సమాజంలో చూపు లేని హాఫిజ్‌లు ఖుర్ఆన్‌ను గుండెలో మోసినట్లే, అక్కడ చూపు లేనివారు ఈ విద్యను వేళ్లలో మోశారు.

మా ఆపా చేవెళ్లలో ఉంటుంది. అరవై దాటాయి. మోకాళ్లు అరిగి, రెండేళ్లుగా కుర్చీలో కూర్చుని నమాజు చేస్తోంది. నుదురు నేలకు ఆనడం లేదన్నదే ఆమె అసలు బాధ, నొప్పి తర్వాతిది. వారానికొకసారి ఆమెను బస్సులో, ఆ పెద్ద మర్రిచెట్ల బాట వెంట, మొయినాబాద్‌లోని మేనకోడలి గదికి తీసుకువెళ్లాను. పరదా చాటున తల్లీకూతుళ్లు, ఇవతల నేను. మూలిక పొగ వాసన తెరచిన కిటికీలోంచి బయటకు పోయేది. సూది పిడికి రేగుపండంత మొక్సా గుచ్చి వెలిగిస్తే, నిప్పు చర్మాన్ని తాకకుండా వెచ్చదనం మాత్రం కిందికి దిగుతుంది. కింద కాగితపు అడ్డు ఉంటుంది. "చురుక్కుమంటే వెంటనే చెప్పు అమ్మీ" అన్న మాట ప్రతిసారీ వినిపించేది. సూది తీసిన చోట రక్తపు చుక్క కనిపించినా ప్రవహించకపోతే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వుజూ భంగం కాదని ఆపాకు చెప్పాను.

ఫలితం? ఆరు వారాలకు మెట్లు ఎక్కడం తేలికైందని ఆపా అంది. సజ్దా మాత్రం ఇంకా కుర్చీలోనే. మోకాళ్ల అరుగుదలకు సూది వైద్యం వల్ల కలిగే మేలు, ఉత్తుత్తి సూదితో పోల్చినప్పుడు స్వల్పమేనని 2010 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ మాట నాకు చెప్పింది కూడా మేనకోడలే. వైద్యుడు చెప్పిన మాత్రలూ వ్యాయామమూ ఆమె ఒక్కరోజు కూడా మాన్పించలేదు.

చిక్కు పాదాల దగ్గర వచ్చింది. ఆపాకు పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి. అరికాళ్లు మండుతున్నాయనీ, తిమ్మిరెక్కుతున్నాయనీ, అక్కడా వేడి పెట్టమనీ పట్టుబట్టింది. మేనకోడలు తల్లిని కళ్లు మూసుకొమ్మని, దూది కొసతో కాలి వేళ్లను ఒక్కొక్కటిగా తాకింది. ఏ వేలిని తాకిందో ఆపా చెప్పలేకపోయింది. అమ్మాయి దూది పక్కన పెట్టి, "పాదాలకు పెట్టను" అంది. ఆపా అలిగింది. కన్నకూతురే కాదంటే, కడ్డీతో వాత పెట్టే మనిషి పక్క ఊళ్లో ఉన్నాడని పొరుగింటావిడ చెప్పిందట. అక్కడికి తీసుకుపొమ్మని నన్ను అడిగింది.

"ఆపా, మోకాలి దగ్గర నువ్వు 'చురుక్కుమంది' అనగానే అమ్మాయి తీసేసింది. పాదం ఆ మాట చెప్పలేదు. కాలుతున్నా ఊరుకుంటుంది" అన్నాను. స్పర్శ లేని పాదంపై కాలిన పుండు తెలియకుండానే చీము పట్టి, ఎముక దాకా పోయి, కాలు తీసేయవలసి రావచ్చు. మదరసాలో నాతో పనిచేసిన ఒక పెద్దాయనకు అలాగే జరిగింది. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవడంతో మొదలైంది. ఆయన పేరు చెప్పగానే ఆపా ఇక వాదించలేదు.

ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019 ఫిబ్రవరిలో గుర్తించింది. అంతమాత్రాన బోర్డు పెట్టిన ప్రతివారూ నేర్చినవారని కాదు. మొదట మందుల చీటీ చూసి, చక్కెర వ్యాధి ఉందా అని అడగనివారి వద్ద కూర్చోవద్దని నా అక్కచెల్లెళ్లకు నా మనవి. ఇది చెప్పడానికి వైద్యుణ్ణి కానవసరం లేదు.

ఆపాను ఆసుపత్రిలో చూపించాం. మెత్తని చెప్పులు మార్చారు, చక్కెర మందు మోతాదు సరిచేశారు. మోకాళ్లకు సూదులు కొనసాగుతున్నాయి. ఇప్పుడు ఇషా నమాజు తర్వాత మనవరాలు అద్దం పట్టుకుని నానమ్మ అరికాళ్లు చూస్తుంది. చలికాలం ఫజ్ర్ వేళ వుజూకు కాచిన నీటిలో ముందు ఆ పిల్ల మోచేయి ముంచి చూస్తుంది. సరేనన్నాకే ఆపా కాళ్లు కడుక్కుంటుంది.